ఆదివారం ఈనిన ఆవు

తెల్లవారేసరికి ఆకాశం మబ్బు పట్టింది గానీ చినుకు రాల్చలేదు. గుమ్మంలో చర్చి సంఘపెద్దను చూసి కూడా పశువుల డాక్టరు కుర్చీలోంచి లేవలేదు.

"దూడ అడ్డం తిరిగిందయ్యా. ఆవు రాత్రి నుంచీ అల్లాడుతోంది. బయల్దేరు."

"ఇవాళ ఆదివారం కదా పెద్దయ్యా. రేపొస్తాను."

"రేపటికి తల్లీ దక్కదు, పిల్లా దక్కదు."

"తనదాకా వస్తే గానీ తెలీదంటారు. అప్పుడో ఆదివారం ఎవరో ముసలమ్మ గేదె ఈనలేకపోతే నేను ఆరాధన మానేసి వెళ్ళాను. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు నన్ను ఏడాదిపాటు దూరం పెట్టి, వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఆ ఏడే మా అమ్మ పోయింది. ఆవిడ పక్కన మోకరించి రొట్టె తీసుకునే రాత నాకు లేకుండా చేశారు."

"ఆదివారం పని చేయకూడదన్న నియమం నేను పెట్టింది కాదు."

"కర్ర పట్టింది మీరేగా."

పెద్దాయన గడప మీద కూలబడ్డాడు. "ఇంటికి పాడి అదొక్కటే."

"వస్తాను. తాడు మాత్రం మీరే లాగాలి."

"ఇవాళ ఆరాధన నడపాల్సింది నేను."

"అందుకే అడుగుతున్నా."

కొట్టంలో డాక్టరు దూడను సరిచేసి, కాళ్ళకు తాడు కట్టి, కొస ఆయన చేతికిచ్చాడు. చర్చి గంట మోగి ఆగిపోయింది. పెద్దాయన లాగుతూనే ఉన్నాడు.

దూడ బతికింది.

"మరి బల్ల సంగతి?" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

"నేనూ వెనక బెంచీలో కూర్చుంటాను."

"ఏడాది. ఒక్క వారం తగ్గినా ఊరుకోను."

ఇంట్లో ఇద్దరికీ భోజనానికి పళ్ళాలు పెడుతున్న పెద్దాయన భార్య ఆగింది. "అచ్చం ఈయన మొండితనమే వచ్చింది నీకు, బాబూ."

పెద్దాయన తన రొట్టె విరిచి సగం అతని పళ్ళెంలో పెట్టాడు. ఇద్దరూ భోజనం ముగించారు. డాక్టరు పళ్ళెంలో ఆ సగం ముక్క అలాగే ఉండిపోయింది.