పళ్ళతో ఒలిచిన కేబుల్

మాట్లాడకండి మావయ్యగారూ! పళ్ళ డాక్టరుగారు ఏం చెప్పారు? దూది గట్టిగా కరిచిపట్టుకుని నోరు మూసుక్కూర్చోమన్నారు. నా మాట కాదండీ బాబూ, ఆయన మాటే. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పట్నుంచీ ఇంత మంచి అవకాశం నాకెప్పుడూ రాలేదు. ఆయన మళ్ళీ లోపలికి పిలిచేదాకా నన్ను మాట్లాడనివ్వండి.

అలా చూడకండి. పన్ను విరగ్గొట్టింది నేనా?

కేబుల్‌ని పళ్ళతో ఒలవకండి, దానికంటూ ఒక పనిముట్టుంది, కొనుక్కొచ్చాను, అది వాడండి అని మొత్తుకున్నానా లేదా? ఊ? తల ఊపండి చాలు. దాన్ని మీరేమన్నారు? బట్టలారేసే క్లిప్పన్నారు! మన కెమెరాల షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి మరీ నవ్వారు. "మా కోడలు క్లిప్పు కొనుక్కొచ్చిందండీ, దీంతో కేబుల్ ఒలుస్తుందట" అని. ఇప్పుడు నవ్వండి మరి. ఏం, నవ్వితే నొప్పిగా ఉందా? అయ్యో పాపం.

అసలు కేబులంటే చెరుకుగడ అనుకున్నారా మీరు? పైన నల్ల తొడుగు, దాని కింద సన్న తీగల జాలీ, అది దాటితే తెల్ల ప్లాస్టిక్కు, ఆ లోపలెక్కడో రాగి తీగ. కెమెరా బొమ్మ వెళ్ళేది ఆ రాగిలోంచే. జాలీలో ఒక్క పోగు వంగి రాగికి తగిలిందా, బొమ్మ గోవిందా! ఆ క్లిప్పు లోపల బ్లేళ్ళుంటాయి, తొడుగుకో లోతు, ప్లాస్టిక్కుకో లోతు. కేబుల్ పెట్టి వేలితో గిరగిరా తిప్పితే ఎంతవరకు తెగాలో అంతవరకే తెగుతుంది, రాగికి గీతైనా పడదు. మీ పన్నుకి ఆ లోతులన్నీ ఎవరు నేర్పారండీ?

సరే, ఒలవడం ఒక గొడవ. కేబుల్ కొసకి తొడిగే కనెక్టర్ల సంగతో? మొన్నామధ్య పెద్దాస్పత్రిలో కెమెరాలకి మీరు లాగింది లావు కేబుల్. మీరు పట్టుకెళ్ళింది సన్న కేబుల్ కనెక్టర్లు. ఎందుకూ అంటే షాపులో ఒక డబ్బాడు మిగిలిపోయాయి కాబట్టి! "అన్నీ ఒకటేనమ్మా, పట్టకారుతో కాస్త నోరు పెద్దది చేస్తే సరి" అన్నారు. చేశారు కూడా. పైన టేపు చుట్టారు. టేపు చుడితే నిలబడనిదంటూ ఈ లోకంలో లేదని మీ నమ్మకం. అత్తయ్య కళ్ళజోడుకీ చుట్టారు, ఆవిడ పాపం దాంతోనే తిరుగుతోంది.

ఆ లావుకి సరిపడేవి, నొక్కి బిగించే రకం, తెప్పిద్దామండీ అన్నాను. నువ్వు కౌంటర్ చూసుకోమ్మా అన్నారు. ఎప్పుడూ అదే పాట! కోర్సు చదువుకున్నాను, ఆస్పత్రిలో పైన కొత్త వార్డు కడుతున్నారు, అక్కడి కెమెరాల పని ఒక్కటి నా చేతికివ్వండి, నేనేంటో చూపిస్తాను అని ఎంత బతిమాలాను? మీ అబ్బాయిని అడిగితే, "మా నాన్నా నువ్వూ తేల్చుకోండి" అని ఫోన్లో తల దూర్చేస్తారు. అందుకే మీకు చెప్పకుండా సరైన కనెక్టర్లు తెప్పించి నా సంచీలో పడేసుకున్నాను. ఆఁ, దొంగతనంగానే! కోప్పడండి, దూది ఊడిపోకుండా కోప్పడండి.

పొద్దున ఆ ఆస్పత్రి నుంచే ఫోనొచ్చింది కదా, పసిపిల్లల వార్డు టీవీ ఆరిపోయిందని. ఆ అద్దాల గదిలోకి తల్లుల్నైనా ఎప్పుడుపడితే అప్పుడు రానివ్వరు, లోపలి కెమెరా చూపించే పిల్లల్ని వరండాలో టీవీలోనే చూసుకోవాలి. మీరు బయల్దేరారు. నిచ్చెన మొయ్యడానికి పనికొస్తానని నన్నూ రమ్మన్నారు. ఆ మాత్రం గౌరవం దక్కింది నాకు.

అక్కడ ఆ పిల్ల నిలబడుంది చూశారా? పచ్చి బాలింత. గోడ పట్టుకుని, ఆరిపోయిన టీవీకేసే చూస్తోంది. "మా బాబుకేమన్నా అయిందాండీ? మేం చూడకూడదనే ఆపేశారా?" అని మిమ్మల్నే అడిగింది. బాబు లోపల బాగానే ఉన్నాడు. ఊడొచ్చింది మీ కనెక్టరు, టేపుతో సహా! కానీ ఆ పిల్లకెలా తెలుస్తుంది మావయ్యగారూ?

అంత చూశాక కూడా ఏం చేశారు? నన్ను కత్తెరైనా అడగలేదు. నిచ్చెనెక్కడం, కేబుల్ నోట్లో పెట్టుకోవడం! టక్కుమంది. కేబుల్ తెగిందేమో అనుకున్నాను. తీరా చూస్తే పన్ను.

మిమ్మల్ని బెంచీమీద కూర్చోబెట్టి, నోటికి రుమాలిచ్చి, నేనెక్కాను. మీరు బిగించినవన్నీ కోసి పారేశాను. క్లిప్పుతో ఒలిచాను, జాలీ పోగులు ఒక్కటీ మిగలకుండా వెనక్కి మడిచాను, సరైన కనెక్టరు తొడిగి నొక్కాను. టీవీ వెలిగింది. తెరమీద వాడెవడో గానీ బుల్లి కాలు ఒకసారి ఆడించాడు. ఆ పిల్ల గోడకి జారిపోయి నేలమీదే కూలబడి ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. నిచ్చెనమీద ఏడిస్తే పడతానని ఆపుకున్నాను.

ఏంటి ఆ సైగ? హెడ్ సిస్టరు నన్ను పక్కకి పిలిచి ఏమందనా? దార్లోనూ ఇదే సైగ. బెంచీమీంచి చూశారు గానీ మాట వినపడలేదు మీకు. పై వార్డు పని నాకిచ్చేసిందని మీ అనుమానం, మొహం చూస్తే తెలియట్లేదూ?

"ముందు ఈ పని చేసిందెవరమ్మా? ఆ తల్లి ఏడుపు చూశావా?" అనడిగింది. ఎంత సులువండీ! మీకేసి వేలు చూపిస్తే అయిపోయేది. పై వార్డు నాదే. చూపిద్దామనే మీవైపు తిరిగాను. మీరు విరిగిన పంటి ముక్కని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటున్నారు. ఎవరూ చూడట్లేదనుకుని మెల్లిగా జేబులో వేసుకున్నారు. నా ఖర్మ! ఆ మనిషిని చూపించి ఈయనే అనడానికి నాకు నోరు రాలేదు.

"నేనేనండీ" అన్నాను. "కొత్త కదా, తెలీక పాడుచేశాను. ఇప్పుడు మా మావయ్యగారే దగ్గరుండి సరిచేయించారు" అన్నాను.

వద్దు, లేవకండి. కూర్చోండి ముందు. నా చెయ్యి వదలండి, అందరూ చూస్తున్నారు. మా కోడలు బంగారం అని మురిసిపోకండి, లోపల నాకు ఒళ్ళు మండిపోతోంది. రోజంతా మీమీద మండాలో నామీద మండాలో తేలక చస్తున్నాను.

ఆ సిస్టరు నా భుజం తట్టింది. ఎంత ప్రేమగా తట్టిందో! "పోనీలేమ్మా, నేర్చుకుంటావు. పై వార్డుకి మాత్రం నువ్వు రాకు, పెద్దాయన్నే పంపించు" అంది.

సరేనండీ అన్నాను. ఇంకేమంటాను?