నిలవకముందే నిలిచిందన్న జవాబు

మదురైలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు, మధ్యాహ్నం. బల్ల మీది స్పీకర్ ఫోనులో చెన్నై నుంచి బ్యాంకు అధికారి మేనక. ఇటువైపు సత్యరాజ్, అతని కింద పనిచేసే మేనమామ కూతురు సుజిత.

"వన్ మినిట్ మేడమ్. వీ విల్ డిస్కస్ అండ్ టెల్."

"ష్యూర్, సత్యరాజ్. టేక్ యువర్ టైమ్."

"విను సుజితా. తప్పు నీదని నువ్వే చెప్పేయి."

"ఫోను మ్యూట్ చెయ్యి బావా!"

"ఎందుకు? మ్యూట్ చేస్తే ఏదో దాస్తాండారు అనుకుంటుంది. మన ఇంట్లో మాట్లాడే తెలుగు ఆ మదరాసమ్మకు ఏం తెలుస్తుంది? సుమ్మా, ఊరికే మాట్లాడు."

"నేనెందుకు చెప్పాల? ప్రోగ్రాంలో ఆ లైను మార్చింది నువ్వు."

"మారిస్తే? ఒక ప్రాసెసర్ ఇంకోదానికి 'నిలువు' అని సిగ్నల్ పంపుతుంది. అవేమన్నా నిజం ప్రాసెసర్లా? బ్యాంకు పెద్ద మిషన్ లోపల మన ప్రోగ్రాం ఆడించే బొమ్మలు. సిగ్నల్ మన చేతికే వస్తుంది, మనమే అవతలిదానికి ఇస్తాం. మధ్యలో ఉండేది మనం. 'ఆ, నిలిచింది' అని వెంటనే చెప్పేస్తే పని బిరబిరా అయిపోదా?"

"సిగ్నల్ అందింది అని చెప్పొచ్చు బావా. నిలిచింది అని చెప్పకూడదు. అవతలిది నిజంగా నిలిచేదాకా కాచుకోవాల. నువ్వు కాచుకోలా. అదేమో ఇంకా లెక్కలు రాస్తానే ఉండాది. సిగ్నల్ పంపిందేమో అది నిలిచిందని నమ్మి, అదే చోట రాసేసి అంతా కలగాపులగం చేసింది. పొద్దుట్నుంచి బ్యాంకు పని పడుకునింది."

"అబ్బబ్బా! మేలూరు బస్సు దిగొచ్చిన మొగం, నాకు పాఠం చెప్తుంది!"

"ఆ లైను మార్చొద్దని మొదటే చెప్పినాను కదా?"

"చెప్పినావు, చెప్పినావు. ఎవరు విన్నారు?"

"నువ్వే విన్నావు!"

"నేను మరిచిపోయినా. ఇదో చూడు, వచ్చే నెల నాకు మేనేజర్ పోస్టు. నీకేముంది పోయేదానికి? వచ్చి ఏడాది కాలా. తిడతారు, తీసేస్తారు, ఇంట్లో కూర్చుంటావు. అత్తకు తోడు."

"నన్ను ఇంకెవరు పనిలోకి తీసుకుంటారు బావా? బ్యాంకును నిలిపేసిన పిల్ల అని పేరు పడిపోతుంది."

"పేరంట, పేరు! నీకొక పేరు! ఎవరికి తెలుసు? ఈ అమ్మకే తెలీదు. ఈమెకు ప్రాసెసరూ ఒకటే, పిండి రుబ్బే గ్రైండరూ ఒకటే. ఎప్పుడవుతుంది, ఎప్పుడవుతుంది... అది అడిగేదానికే జీతం."

"మెల్లిగా బావా, పావం."

"ఏం పావం? నేను ఎట్లా తిప్పి చెప్పినా తలూపుతుంది. ఊ, చెప్పు. రెండే మాటలు. మై మిస్టేక్."

"చెప్పను."

"చెప్పవా?"

"చెప్పను. నేను చేయలా."

"సరి. నేనే చెప్తా, తర్వాత ఏడవొద్దు. హలో మేడమ్, వీ ఫౌండ్ ది ఇష్యూ. మై జూనియర్ సుజిత హ్యాజ్..."

"ఉండబ్బా, ఉండు. ఆ పిల్ల మీద తొయ్యొద్దు."

"ఎవరు? ఎవరది మాట్లాడింది?"

"నేనే. మేనకను."

"మేడమ్... మీరు... అక్కా! మీరు మనోళ్లా? ఏ ఊరక్కా? చెప్పనే లేదే!"

"ఆండిపట్టి. మీరు అడగలేదు."

"అయ్యో, ఆండిపట్టా! మా పెద్దమ్మ ఇల్లు అక్కడే ఉండాది అక్కా! అడిగి చూస్తే మనం చుట్టాలే అయ్యుంటాం. ఇదంతా సుమ్మా, ఇంటి పిల్ల కదా అని ఎగతాళికి..."

"చుట్టరికం తర్వాత చూసుకుందాం. మా పెద్దాయన ఇప్పుడు ఫోన్లోకి వస్తాండారు. ఆయనకు మన మాట రాదు. లైను మార్చిందెవరో నువ్వు చెప్తావా, ఇంతసేపు నువ్వన్నదంతా ఇంగ్లీషులో నేను చెప్పాల్నా?"