మజీద్ మేస్త్రీ పువ్వులు

మజీద్ సంగతా? ఆ చెంబు ఇటియ్యి, గొంతు తడుపుకుని చెప్తాను. ఉప్పెన వచ్చిన మరుసటేడు అబ్బాయ్. పెడనలో పూర్ణచంద్రరావు గారి అద్దకం షెడ్డు. నేను రంగు గంగాళం దగ్గర, వాడు బల్ల దగ్గర. చెక్క అచ్చు గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దుతారు చూశావూ, ఒక్కొక్కడిదీ ఒక్కో చప్పుడు. వాడిది దబ్, కాస్త ఆగి, దబ్‌దబ్. షెడ్డు గోడకి ఆనుకునే వాళ్ళిల్లు. వాడి భార్య జోహ్రా, ఆ చప్పుడు నెమ్మదించిందంటే టీ పెట్టేది. వాడు చేతులు కడుక్కునేసరికి కిటికీలో గ్లాసు. పిలుపు లేదు, కేక లేదు. ఎండలో ఆ పొగ అలా లేస్తా ఉండేది... ఆ, ఎక్కడున్నాను? మేస్త్రీని చేశారు వాణ్ణి. కుర్చీ వచ్చింది, జీతం పెరిగింది, పేరు చివర గారు. మేస్త్రీ అయినోడు అచ్చు ముట్టుకోకూడదు, అది ఆ షెడ్డు పద్ధతి. "మజీద్ గారూ, తమరి చేతులు తెల్లబడ్డాయండీ" అని ఆటపట్టించేవాళ్ళం. నవ్వేవాడు. ఓ రోజు మాత్రం మెల్లిగా, "కొత్త చీర కొన్నాను పిచ్చేశ్వర్రావ్ బావా, కట్టుకుంది. కానీ టీ చల్లారిపోతోంది. నేనెప్పుడు లేస్తానో దానికి తెలియట్లేదు" అన్నాడు.

తర్వాత్నించి మేం అన్నాలకెళ్తే, కాలవగట్టు దాకా వినపడేది, దబ్... దబ్‌దబ్. దేంట్లోనూ ముంచకుండా, బల్ల మీద పరిచిన గుడ్డ మీదే ఉత్తి అచ్చు, ఆవిడ వినాలని. కిటికీలోకి గ్లాసు మళ్ళీ వచ్చింది. ఉత్తిదే అనుకున్నాడు పిచ్చోడు. రంగు పట్టడానికి ముందు అద్దుతాం చూడు, ఆ పొద్దుటి పటిక నీళ్ళు అచ్చు సందుల్లో ఉండిపోవూ? పటిక గుడ్డ మీద కనపడదు, ఎర్ర రంగులో ఉడికితేనే పైకొస్తుంది. నా గంగాళంలోనే వచ్చాయి. ఖాళీగా ఉండాల్సిన చోట చిన్న చిన్న ఎర్ర పువ్వులు. ఒకటి, కాస్త ఎడంగా రెండు. మళ్ళీ ఒకటి, రెండు. చూడగానే నా చెవిలో వాడి చప్పుడు. పూర్ణచంద్రరావు గారు ఆ బల్ల మీద పనిచేసే ఇస్సాకు వైపు తిరిగి, "రేపట్నించి రాకురా" అన్నారు. మజీద్ కుర్చీలోంచి లేచాడు. "నాదండీ." "నువ్వెందుకయ్యా ముట్టుకున్నావ్?" "చెయ్యి ఊరుకోలేదండీ." అంతే, టీ మాట ఎత్తలేదు. కుర్చీ పోయింది, గారూ పోయింది. పాడైన గుడ్డ నా మొహాన కొట్టి తీసుకుపొమ్మన్నారు. మర్నాడు పొద్దుణ్ణించీ బల్ల దగ్గర గుద్దుతూనే ఉన్నాడు మహానుభావుడు. కిటికీలో రెండు గ్లాసులు. రెండోది ఇస్సాకుకి. లాభమంటావా, నష్టమంటావా... ఏమో. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారు, షెడ్డూ పోయింది. అదిగో, చెంబు అక్కడ పెట్టకు. ఆ పువ్వుల గుడ్డ తడుస్తుంది. కింద పెట్టు.