గూట్లో గాజులు

తోటపల్లి గూడూరులో ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు నేర్పే గది అది. ఐదేళ్ల నిస్సి ఓ మూల కూర్చుని రంగు బిళ్లలు పేరుస్తోంది. దాని తల్లి టీచరుతో మాట్లాడుతోంది.

“రెండు నెలలుగా నన్ను అమ్మా అని పిలవడంలా టీచర్. నేను రొయ్యల కంపెనీలో పనికి చేరినప్పట్నించి. నా మింద కోపమేమో.”

“అంతకు ముందు పిలిచేదా?”

“నా చెయ్యి పట్టుకోని పిలిచేది. ఇప్పుడు గూట్లో ఉండే ఎర్రగాజుల్ని చూసి అమ్మ అంటాది. నన్ను చూసి అనదు.”

“ఆ గాజులు ఎవరివి?”

“నాయే. చేతికి గాజులుంటే కంపెనీలోకి రానీరు. రోజూ తీసి వేసుకుంటే పగిలిపోతాయని గూట్లో పెట్టేసినా.”

“అమ్మ అనే మాట ఎట్లా నేర్పించారు?”

“ఎదురుగా కూర్చోబెట్టుకోని, గుండె మింద ఇట్టా చేత్తో తట్టుకుంటా, అమ్మ, అమ్మ అని చెప్పేదాన్ని.”

“అప్పుడు పాప ఎటు చూసేది?”

తల్లి తన ఒట్టి చేతి వంక చూసుకుంది.

“అది కోపం కాదమ్మా. మాట చెప్పేటప్పుడు మనం దేన్ని చూపిస్తున్నామో చాలామంది పిల్లలు కనిపెడతారు. నిస్సిలాంటి పిల్లలు కొందరు, తాము అప్పుడు దేన్ని చూస్తుంటే దానికే ఆ మాట పెట్టుకుంటారు.”

“మూడేండ్లు దాని మొఖం చూస్తానే చెప్పినా టీచర్. అదేం చూస్తా ఉండాదో ఒక్కరోజూ చూళ్లేదు.”