శవం ఒరిగిన వైపు

మంత్రగత్తెలని ముద్ర వేసి ఊళ్లు తరిమేసిన ఆడవాళ్లు రాజధాని వాగడూగులో తలదాచుకునే లోగిలి అది. పత్తి వడుకుతున్న ముసలామె, తన సొంతూళ్లో బృందంతో డాన్సు ఆడి వచ్చిన పిల్లని చూడగానే ఆత్రం ఆపుకోలేకపోయింది.

"ఆడనిచ్చారా, రాళ్లేశారా?"

"ఆడాం అవ్వా. చాపలో ఉత్తుత్తి శవాన్ని చుట్టి మోశాం. ఎవరైనా పోతే మీవాళ్లు శవాన్ని మోసి తిప్పినట్టే. అది ఎవరి మీదికి ఒరిగితే వాళ్లే మంత్రం పెట్టి చంపినట్టు."

"పక్కింటి పిల్లాడు పోయినప్పుడు నా మీదికే ఒరిగింది. ఆ రోజే గెంటేశారు."

"మేం అందరి మీదికీ ఒరిగించాం. మీ ఊరి పెద్ద మీదికి కూడా."

"ఓసి నీ ధైర్యం కూలా! ఏం చేశాడు?"

"కుర్చీ వదిలేసి పరుగు! జనం ఒకటే నవ్వు. అప్పుడు మీ మరిది లేచి ఏడ్చాడు. 'ఆ రోజు శవం దానంతటది ఒరగలేదు, ముందు వైపు మోసిన నేనే తోశాను, వదిన చేను కోసం' అన్నాడు."

కదురు ఆగిపోయింది.

"అందరి ముందా?"

"అందరి ముందే. నిన్ను ఇంటికి తీసుకెళ్తానని వచ్చాడు. మొహం చెల్లక గేటు బయటే నిలబడ్డాడు. వెళ్తావా?"

"వెళ్తాను. నా చేను, నా ఇల్లు. పోలీసులకి మొత్తుకున్నా, పాదిరికి మొత్తుకున్నా, ఎవడూ వినలేదు. మీరు నోరు మెదపకుండా వినిపించారు. నీ కడుపు చల్లగుండ! ఆ చాప తెచ్చావా?"

"తెచ్చాను. ఆడి చూపిస్తాం, కూర్చో."

"కూర్చోడమేంటే? వాణ్ణి లోపలికి పిలువు, వెనక వాడు పట్టుకుంటాడు. ముందు వైపు నేను మోస్తా."