ఎదురు లారీలూ సాంబశివరావు గారూ

ఎనభై రెండులో మాట. హ్యూస్టన్‌లో మేం ఎనిమిదిమందిమి ఒకే వ్యాన్‌లో ఆఫీసులకి వెళ్లేవాళ్లం. ఎనిమిదిమంది ఉన్నామని మా వ్యాన్‌ని కూడా ఫ్రీవే మీద బస్సుల లేన్‌లోకి రానిచ్చేవారు. పక్కన కార్లన్నీ పాకుతుంటే మేం దూసుకుపోయేవాళ్లం. వ్యాన్ నడిపే రవికుమార్‌కి ప్లేనో అనే వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. తాళం చెవి ఇక ఎవరికివ్వాలో తేల్చడానికి ఓ ఆదివారం సాంబశివరావు గారింట్లో టీకి చేరాం. అది తనకే రావాలని ఆయన వారం రోజులుగా ఉవ్విళ్లూరుతున్నారు.

"అసలా లేన్‌లో నడిపేవాడికి ఎంత గుండె ఉండాలి! ఎదుటివాళ్ల రోడ్డులోంచి ఒక వరస లాక్కుని, పసుపు ప్లాస్టిక్ కర్రలు పాతి, ఊ పొమ్మంటారు. కర్రకి ఇవతల మనం, అవతల మన మీదికే వచ్చే లారీలు. పుట్టి బుద్ధెరిగాక ఎదురు లారీని ఇంత దగ్గరగా చూడని అమెరికావాడు బెదిరిపోడూ? మనకేంటి, ఏలూరు-జంగారెడ్డిగూడెం రోడ్డు చూసినవాళ్లం!" అని మొదలెట్టారాయన.

"టీ తాగి చెప్పండి" అన్నారు ఆయన భార్య గౌరి గారు.

"ఉండవే. మొన్న మేలో మన వ్యాన్ రిపేర్‌కి వెళ్లిన రోజున సిటీ బస్సెక్కానా, డ్రైవరు ఆ లేన్‌లోకి దిగాడో లేదో బ్రేకు మీంచి కాలు తియ్యడే. వెనకనుంచి భుజం తట్టి, 'బాబూ, లారీని చూడకు, లారీవాడి మీసం చూడు, వాడే జడుసుకుంటాడు' అన్నా. అంతే, బస్సు గీత గీసినట్టు పోయింది."

"అంతేనా?" అంది మా వ్యాన్‌లోనే వచ్చే శశికళ.

"అంతే అయితే చెప్పడమెందుకమ్మా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'సార్, మీరే నడపండి' అని వాడు సీట్లోంచి లేచిపోయాడు! నేను కూర్చున్నా. వెనక్కి చూస్తే ఏముంది, రెండు సీట్లకి ఒక్కడు, కాళ్లు చాపుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఇంత మంచి లేన్ ఇస్తే బస్సు ఖాళీగా తిప్పుతారా అని నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు తెరిచి 'లోపలికి జరగండి, సర్దుకోండి' అని ఒక్క కేక వేశా. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లంతా కార్లు అక్కడే వదిలేసి వచ్చి ఎక్కేశారు. ఇద్దరి సీట్లో ఆరుగురు, ఫుట్‌బోర్డు మీద ఓ బ్యాంకు వైస్ ప్రెసిడెంటు, టాప్ మీద డాక్టర్లు, నర్సులు, ఓ హైస్కూలు బ్యాండు..."

"బ్యాండు కూడానా?" అన్నాడు రవికుమార్.

"డ్రమ్ములతో సహా! డౌన్‌టౌన్ చేరేసరికి ఊరు ఊరంతా నా బస్సులోనే ఉంది. ఫ్రీవే మీద పురుగన్నది లేదు. మా అత్తగారు అప్పుడిక్కడే ఉన్నారుగా, ఖాళీ రోడ్డు చూసి ఊరుకుంటారా? మూడు లేన్లలోనూ చీరలు పరిచి గుమ్మడి వడియాలు పెట్టేశారు. కాకులు వాలకుండా పోలీసు హెలికాప్టరు పైన చక్కర్లు కొడుతూ కాపలా కాసింది! అందుకని రవీ, ఆలోచించేదేముంది, ఆ తాళం ఇటిచ్చెయ్."

ఆయన చెయ్యి చాచారు.

"ఏమండీ, ఇండియాలో మీరు ఏ బండి నడిపారు?" అన్నారు గౌరి గారు.

చాచిన చేత్తో ఆయన టీ కప్పు అందుకున్నారు.

"నడపడమంటే... జంగారెడ్డిగూడెం బస్సులో డ్రైవరు వెనక సీటు ఎప్పుడూ నాదేగా."

"అవును. ఆ సీట్లో కళ్లు గట్టిగా మూసుకుని ఆంజనేయస్వామికి మొక్కుకునేవారు. మీకు డ్రైవింగ్ నేర్పింది నేను, ఇక్కడే, పార్కింగ్ లాట్‌లో. ఫ్రీవే అంటే భయమనే కదండీ ఈ వ్యాన్‌లో చేరారు?"

అందరం ఘొల్లున నవ్వాం గానీ, ఆయన ముఖం చూసేసరికి పాపం అనిపించింది. రవికుమార్ తాళం చెవిని శశికళ చేతిలో పెట్టాడు. ఆమె సాంబశివరావు గారి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీరు నా పక్క సీట్లోనే కూర్చోవాలి. ఆ లారీలంటే నాకూ భయమే. మీరు కోతలు కోస్తుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"కూర్చోబెట్టుకో తల్లీ," అన్నారు గౌరి గారు, "ఆయన కళ్లు మూసుకున్నా నోరు మాత్రం మూసుకోరు."