తొక్కే మనిషిని తీసుకురండి

(గుండె పరీక్షల గది. బల్ల మీద కుట్టుమిషన్ల మెకానిక్కు మెలకువగానే పడుకుని ఉన్నాడు. భార్య అద్దానికి అవతల, మైకు దగ్గర కూర్చుంది.)

"కదలకండి మెకానిక్ గారూ."

"నేనెక్కడ కదిలాను డాక్టరుగారూ? తొడలోంచి మూడు తీగలు గుండెలోకి దూర్చారు. ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నా."

"గంట నుంచీ ఆ తీగలతోనే గుండెను గిల్లుతున్నాం. మందూ ఎక్కించాం. మీ దడ మాత్రం రావట్లేదు. అది వస్తేనే ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. తెలిస్తేనే అక్కడ కాలుస్తాం."

"రాకపోతే?"

"దాన్ని వెంటబెట్టుకునే ఇంటికెళ్తారు."

"అమ్మో, వద్దు! మొన్న మిషను విప్పుతూ విప్పుతూ కళ్ళు తిరిగి సూది మీదే పడ్డాను. అంగుళం తేడాలో కన్ను దక్కింది."

"మరి సరిగ్గా ఎప్పుడొస్తుంది?"

"ఎప్పుడంటే... అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే?"

"మా దగ్గరా ఇంతేనండీ. ఇంట్లో దారం తెంపేసే మిషను నా ముందు పెడితే చుట్టాలొచ్చినప్పటి పిల్లలా బుద్ధిగా ఉంటుంది. అందుకే బోర్డు పెట్టా. మిషను ఒక్కదాన్నే తేవద్దు, తొక్కే మనిషిని కూడా తీసుకురండి అని."

"బాగుంది. మరి మీ మిషను తొక్కేదెవరు?"

"ఎవరూ లేరు."

"నేను చెప్తా డాక్టరుగారూ."

"నువ్వు మైకు వదులు!"

"వదలను. మా అమ్మాయి మాటెత్తితే చాలు, ఈయనకి దడ. ఈయన కొట్టుకి ఎదురుగానే కరెంటు కుట్టుమిషన్ల కొట్టు పెట్టిందని 'నా గడప తొక్కొద్దు' అన్నాడు. మూడేళ్ళయింది. మాట్లాడవయ్యా అంటే గుండె పట్టుకుంటాడు. నాటకమనుకున్నా."

"నాటకమా? మొన్న పడిపోయింది కూడా నాటకమేనా?"

"అప్పుడది కొట్టు తాళం తీస్తోంది కదూ?"

"నేను చూళ్ళేదు."

"ఏ రంగు చీర?"

"పచ్చ... అబ్బ, నన్నొదిలెయ్యవే!"

"అమ్మా, మీ అమ్మాయికి ఫోన్ చెయ్యండి."

"వద్దు డాక్టరుగారూ, వద్దు!"

"కదలకండి!"

"నాన్నా..."

"వచ్చింది! నూట ఎనభై ఆరు! సిస్టర్, తీగ కాస్త పైకి... ఇంకాస్త... దొరికింది. కాలుస్తున్నా. కొంచెం మంటగా ఉంటుంది, ఓర్చుకోండి."

"అబ్బా! కొంచెమా ఇది?"

"ఆగింది! డెబ్బై రెండు."

"పోయినట్టేనా?"

"మళ్ళీ వస్తుందేమో చూడాలి. అమ్మా, ఫోన్ పెట్టెయ్యకండి. ఇంకోసారి పిలవమనండి."

"ఫోనెక్కడిది డాక్టరుగారూ? అది పొద్దుట్నుంచీ ఈ తలుపు బయటే నిలబడి ఉంది. మైకు అటు తిప్పానంతే. లోపలికి రమ్మంటే రాదు."

"గడప తొక్కొద్దన్నావుగా నాన్నా."

"డెబ్బై నాలుగు. దడ లేదు మెకానిక్ గారూ."

"విన్నావా? ఇంక సాకు కూడా లేదు నీకు."

"వింటున్నానే... ఇది డాక్టరుగారి గడప కదమ్మా, తొక్కు. రేపు నన్ను దింపడానికొచ్చి మనదీ తొక్కుదువుగాని."